మృణ్మయి

శరన్నవరాత్రములలో దుర్గాసప్తశతిని పారాయణము చేయువారు పదుమూడవ అధ్యాయమునకు వచ్చుసరికి సాధారణముగా కొంత అలసియే యుందురు. మహిషాసురుడు కూలినాడు, రక్తబీజుని నెత్తురు నేల రాలకుండ చాముండ త్రావివేసినది, శుంభ నిశుంభులు మడిసిరి, దేవతలు స్తోత్రము చేసి స్వస్థానములకు మరలిరి. ఇక మిగిలినది కథాసమాప్తియే కదా యని కంఠము త్వరపడును, వంటయింటి నుండి నైవేద్యపు వాసన వచ్చుచుండును. ఆ త్వరలో మనము గమనింపక దాటిపోవు చిన్న విషయ మొకటి అచ్చట నున్నది. ఇంత కథకును నిమిత్తమాత్రులైన సురథుడను రాజును, సమాధి యను వైశ్యుడును, అంతయు విన్నపిమ్మట అమ్మవారిని దర్శింపగోరి నదీతీరమునకు పోయి, అచ్చటి మట్టితో ఒక బొమ్మను చేసికొని పూజించిరి. బంగారు విగ్రహము కాదు, శిల కాదు, దారువు కాదు, ఏటియొడ్డు మన్ను.

ఆ యిద్దరును ఎట్టివారో కూడ కొంచెము తలచుకొనవలెను. ఒకడు శత్రువుల చేత నోడి, సొంత మంత్రుల చేత దోపిడికి లోనై, వేట నెపమున గుఱ్ఱమెక్కి ఒంటరిగా అడవి పట్టిన రాజు. రెండవవాడు ధనాశచే ఆలుబిడ్డలే యింటి నుండి వెడలగొట్టిన వర్తకుడు. మేధామహర్షి ఆశ్రమమున వీరిద్దరును కలిసికొని తమ తమ కష్టములు చెప్పుకొన్నప్పుడు తేలిన విచిత్రమేమనగా, రాజునకు తనను వంచించిన పరిజనము ఎట్లున్నారో, తన మదపుటేనుగు వేళకు మేత తినుచున్నదో లేదో యని బెంగ. వైశ్యునకు తనను వెళ్ళగొట్టిన కొడుకులు కుశలముగా నున్నారా యని బెంగ. తెలిసియు ఈ మమకారము ఎందుకు వదలదని వారు ఋషి నడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానముగా పుట్టినదే దుర్గాసప్తశతి యనబడు ఈ దేవీమాహాత్మ్యము. సృష్టి యెట్లు కలిగినదన్న తత్త్వజిజ్ఞాసతో గాక, వెళ్ళగొట్టినవారిపై ప్రేమ చావని గృహస్థుల దుఃఖముతో ఈ గ్రంథము ఆరంభమగుట నాకు ఎప్పుడును ఆశ్చర్యమును గొల్పుచుండును. మూడు సంవత్సరములు వారు ఆ మట్టిబొమ్మను పూలతో, ధూపముతో, నిరాహారులై కొంతకాలము, మితాహారులై కొంతకాలము, తుదకు తమ శరీరముల నెత్తురుతో తడిపిన బలితో ఆరాధించిరి. దేవి ప్రత్యక్షమైనది. రాజు రాజ్యమును కోరెను, వైశ్యుడు జ్ఞానమును కోరెను. ఆమె రెండును ఇచ్చెను. ఏది యెక్కువ, ఏది తక్కువ యని ఒక్క మాటయైనను అనలేదు.

దేవీపూజను గూర్చి వ్రాయబూనినవారు మొదట రెండు రాశులు పోయుట మనలో ఆచారమైనది. వేదసూక్తములు, పురాణములు, తంత్రములు, శ్రీచక్రము, గోపురములు గల ఆలయములు ఒక రాశి. ఊరి వెలుపలి వేపచెట్టు, పసుపు పూసిన రాయి, డప్పు, జాతర, మేకపోతు రెండవ రాశి. పూర్వము పండితులు మొదటిదానిని శిష్టమనియు రెండవదానిని మోటు అనియు తీర్పు చెప్పిరి; ఇటీవలివారు కొందరు దానిని తలక్రిందు చేసి, రెండవదే మూలమనియు మొదటిది దాని నుండి దొంగిలించిన సొత్తనియు చెప్పుచున్నారు. పురాణకర్త నిస్సంకోచముగా మట్టిబొమ్మను, నెత్తుటి బలిని రాజుచేత చేయించినప్పుడు, ఈ రాశులను విడదీయుటకు మన మెవ్వరము?

మార్కండేయపురాణమున 81వ అధ్యాయము మొదలు 93వ అధ్యాయము వరకు గల ఈ భాగము, పరిశోధకులు సుమారు ఆరవ శతాబ్దిలో కూర్చబడినదని భావించునది, తానే యొక సంగమస్థలము. అంతకు ముందు దేవతలు వేరువేరుగా నుండిరి. ఋగ్వేదమున పదవ మండలమందు అంభృణ మహర్షి కూతురు వాక్కు ఎనిమిది ఋక్కులలో తానే సర్వమునని పలికినది. కేనోపనిషత్తులో గర్వించిన ఇంద్రునకు బ్రహ్మతత్త్వమును తెలిపినది హైమవతియైన ఉమ. కొండలలో కొందరు, కుమారస్వామిని పెంచిన మాతృగణములలో కొందరు, బిడ్డలను పట్టి పీడించువారు కొందరు. శుంభుడు యుద్ధరంగమున అమ్మవారిని చూచి, ఇతర దేవతల బలముతో పోరాడుచు గర్వపడుచున్నావని ఎత్తిపొడిచినప్పుడు, ఆమె వీరందరును నా విభూతులే యని చెప్పి, బ్రాహ్మి మొదలగు మాతృకలను అందరిని తన శరీరములోనికి తీసికొని ఒంటరిగా నిలిచిన ఘట్టము కేవల వీరరసము కాదు. దేశమంతట చెదరియున్న అమ్మలందరును ఒక్క అమ్మ యను సిద్ధాంతము అచ్చట కథారూపమున స్థాపింపబడినది. మరల పదునొకండవ అధ్యాయమున ఆమె, మున్ముందు ఎక్కడెక్కడ ఏయే పేర్లతో పుట్టెదనో చెప్పి, ద్వారము తెరచియే యుంచినది. నూరేండ్లు వాన కురియనప్పుడు నా శరీరమునుండి పుట్టిన కూరలతో లోకమును పోషింతునని, అందుచే శాకంభరి యని పేరు పొందుదునని అందొక వాగ్దానము. ఏటేట ఆషాఢమాసమున, విత్తనము వేసి మొగులు చూచు రోజులలో, విజయవాడ ఇంద్రకీలాద్రిపై కనకదుర్గను, వరంగల్లులో భద్రకాళిని వంకాయలతో, బెండకాయలతో, ఆకుకూరలతో అలంకరించుట ఆ వాగ్దానమును జ్ఞప్తి చేయుటకే. ఆ నెలలోనే తెలంగాణమున బోనములు కూడ నెత్తి కెక్కును.

తెలుగుగడ్డపై ఈ సంగమము పురాణమునకు ముందే మొదలైనది. నాగార్జునకొండ త్రవ్వకములలో దిగంబరయై మోకాళ్ళు ముడిచి కూర్చున్న స్త్రీమూర్తి యొకటి దొరకినది. సంతానమును, భూసారమును ప్రసాదించు ఈ దేవతను ఇప్పుడు లజ్జాగౌరి యందురు. దానిపైనున్న శాసనమును బట్టి, ప్రతిష్ఠించినది ఇక్ష్వాకు రాజైన ఎహువుల చాంతమూలుని దేవి ఖండువుల. తాను అవిధవననియు, బ్రతికియున్న కుమారులు గలదాననియు ఆ రాణి శిలపై చెక్కించుకొన్నది. పదునేడు వందల యేండ్ల క్రిందటి ఆ రెండు విశేషణములను చదివినప్పుడు, శ్రావణ శుక్రవారమున వాయనమిచ్చు ముత్తైదువ మనసులోని కోరిక వేరుగా నున్నదని ఎవరనగలరు? ఆలంపురపు మ్యూజియములోని లజ్జాగౌరికి తలకు బదులు పద్మము విచ్చుకొని యున్నది. ఆ ఊరిలోనే అష్టాదశ శక్తిపీఠములలో నొకటియైన జోగులాంబ యున్నది. జటలో కపాలము, తేలు, బల్లి ధరించిన ఆ తల్లిని చూచి భయపడని బాలురుండరు. శ్రీశైల భ్రమరాంబతో, పిఠాపురపు పురుహూతికతో, ద్రాక్షారామ మాణిక్యాంబతో కలిపి ఆ పదునెనిమిదింటిలో నాలుగు మన తెలుగుదేశమున నున్నవి. వేంగి చాళుక్యులు తమ తామ్రశాసనములలో కౌశికీదేవి వరము చేత రాజ్యము పొందినవారమనియు, మాతృగణములు కాపాడుచున్నవారమనియు తరతరములుగా వ్రాయించుకొనిరి. ఓరుగంటి కాకతీయులకు పేరిచ్చినది కాకతి యను దేవతయే. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామము ఆ నగరపు వీధులలో ఏకవీరను, కాకతమ్మను మనకు చూపును. రాజులు శిలను పెట్టించిరి, రాగిపై వ్రాయించిరి. వారి రాజ్యములలోని ఊళ్ళలో మాత్రము పని మట్టితోనే జరుగుచుండెను.

ఊరనగా ముందు పొలిమేర. ఊరి నడుమ బొడ్రాయి నాభి యైనచో, పొలిమేర దాని చర్మము. లోపలి దేవుళ్ళు, రాముడో, శివుడో, వేణుగోపాలుడో, గోడల మధ్య పూజారి చేతిలో ప్రశాంతముగా నుందురు. అమ్మ మాత్రము హద్దుమీద నుండును. పోలేరమ్మ యన్న పేరు పొలిమేర నుండియే వచ్చినదని పలువురు చెప్పు వ్యుత్పత్తి. పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, ముత్యాలమ్మ, అంకమ్మ, నూకాలమ్మ, మరిడమ్మ, గంగమ్మ యని ప్రాంతమును బట్టి పేరు మారును. ఆమెకు తమ్ముడు పోతురాజు, ఎదురుగా నిలువు రాయియో కొయ్యయో యై కావలి కాయుచుండును. ఈ అమ్మకు తరచుగా మొగుడుండడు. గుడియు ఉండవలెనని నియమము లేదు. అవసరము వచ్చినప్పుడు ఊరు ఆమెను పిలుచును; వచ్చుటకు ఆమెకు దేహము కావలెను; ఆ దేహమును కుమ్మరి చేయును.

కొలుపు జరుగు విధము ఊరూరికి మారునుగాని, దాని యెముకల గూడు ఒక్కటే. ముందుగా చాటింపు, అది పడినపిమ్మట ఊరివారు పొలిమేర దాటి రాత్రి పొరుగూర నిలువరాదు. చెరువు మట్టి తెచ్చి కుమ్మరి బొమ్మను చేయును. కన్నులు చివరకు పెట్టును, ఎందుకనగా కన్నులు పెట్టినది మొదలు అది మట్టి కాదు. అతని యింటినుండి బొమ్మను మేళతాళములతో, వేపమండలతో ఊరేగించి పందిరిలోనికి తెచ్చెదరు. చాలచోట్ల పూజారి యతడే, లేదా చాకలి. పంబలవారు పంబ వాయించుదురు. బైండ్లవారు, బవనీలు జమిడిక మ్రోగించుచు ఎల్లమ్మ కథను రాత్రి యెల్ల పాడుదురు. ఆసాదులు అమ్మను పొగడుదురు, ఒక్కొక్కసారి మొగము మీదనే తిట్టుదురు. ఆ తిట్లు కూడ ఆమెకు ప్రీతియే యని నమ్మకము. అంబలి పోయుదురు, ఘటమెత్తుదురు. బలి నెత్తుటితో కలిపిన అన్నమును గంపలో పెట్టుకొని, అర్ధరాత్రి, 'పొలి పొలి' యని కేకలు వేయుచు పొలిమేర చుట్టును చల్లుకొని వత్తురు. కడపట బొమ్మను ఊరి హద్దు దాటించి, వదలి, వెనుకకు చూడక మరలుదురు. మద్రాసు బిషప్పుగా నుండిన హెన్రీ వైట్‌హెడ్ దక్షిణదేశపు గ్రామదేవతలను గూర్చి 1916లో ప్రకటించిన ఆంగ్ల గ్రంథమున, తెలుగు జిల్లాల ఈ తంతును ఓపికతో వర్ణించెను. ఆయన తన మతదృష్టితో దీనిని చీకటి యని తలచెను. అయినను చూచినది చూచినట్లు వ్రాసినందుకు మనము ఆయనకు ఋణపడితిమి, మన పండితులు చాలమంది ఆ కాలమున ఆ వైపు కన్నెత్తియైనను చూడలేదు గనుక. హద్దు దాటించి వదలిన అమ్మను పొరుగూరివారు గుండెలు బాదుకొనుచు తమ అవతలి పొలిమేర వరకు మోసి, మరల అవతలి ఊరివారికి అప్పగించెడివారట. ఈ సాగనంపుటలో పొరుగువాని క్షేమమును గూర్చిన చింత అంతగా కనబడదు, అది యొప్పుకొనవలసినదే.

ఏమి వచ్చినప్పుడు ఊరు ఆమెను పిలుచుచుండెను? కలరా వచ్చినప్పుడు, పశువులకు దొమ్మ తగిలినప్పుడు, వానలు వెనుకపడినప్పుడు, అన్నింటికంటె మిన్నగా మశూచి వచ్చినప్పుడు. మన భాష ఈ విషయమున చెప్పు సాక్ష్యము మిక్కిలి గాఢమైనది. మశూచికి తెలుగువాడు పెట్టిన పేరు 'అమ్మవారు'. వ్యాధి సోకినదని అనడు, అమ్మవారు పోసినదనును. దానికంటె సౌమ్యమైనది ఆటలమ్మ. వ్యాధి అమ్మ పంపినది కాదు, అమ్మయే. కనుక రోగిని చూచుట అతిథిగా వచ్చిన దేవతను చూచుట. ఇంట తాలింపు పెట్టరు, మాంసము వండరు, క్షౌరము చేయించుకొనరు, గుమ్మమునకు వేపమండ కట్టుదురు, కసరి మాటాడరు. చిన్నతనమున నాకు ఆటలమ్మ పోసినప్పుడు మా నాయనమ్మ వేపరెమ్మతో విసరుచు, ఏనాడును నన్ను పిలువని విధముగా, 'చల్లబడు తల్లీ, చల్లగా చూడు తల్లీ' యని బ్రతిమాలినది. నేను మగపిల్లవాడిని కదా, తల్లీ యనుచున్నదేమి యని అప్పుడు ఆలోచించితిని. పొక్కులు మాడి తలకు నీళ్ళు పోసి, చలిమిడి, పెరుగన్నము నైవేద్యము పెట్టిన మరునాడు ఆమె యథాప్రకారము నన్ను 'వెధవా' యని పిలిచినది. దానిని బట్టి అమ్మ వెడలిపోయినదని నాకు రూఢియైనది.

మశూచి మన దేశమున 1975లో కడపటిసారి కనబడి, 1980లో ప్రపంచమునుండియే తొలగినట్లు ప్రకటింపబడినది. టీకాలు వేసినవారి ఋణము ఇంతింతయని చెప్పరానిది. అమ్మకు ఇక పని లేదనియు, వ్యాధితోపాటు ఆమెయు పోవుననియు కొందరు అనుకొనిరి. ఆమె పోలేదు. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడి 1813 నాటి కలరా భయమునుండి పుట్టినదని చెప్పుదురు. కలరా పోయి యుగములైనది, ఆషాఢపు ఆదివారమున గుడిముందు జనసముద్రము మాత్రము ఏటేటికి పెరుగుచున్నది. మొక్కులు మారినవి, ఇప్పుడు పరీక్షలు, ఉద్యోగములు, విదేశపు వీసాలు. పొలిమేర అనగా భయము మొదలగు చోటు. ప్రతి తరమునకు ఒక కొత్త పొలిమేర ఉండనే యుండును.

ఇంతవరకు చెప్పినదాని వలన జాతరలో కుల భేదము కరగిపోవునను తలంపు పాఠకునకు కలుగవచ్చును. కరగదు. ప్రతి కులమునకు అందొక పాత్ర యున్నమాట నిజమే; ఆలయమున వెలుపల నిలువబెట్టబడినవాడు ఇచ్చట లేనిదే అమ్మ కదలదు. బైండ్లవారు పాడు కథలో, పరశురాముడు తండ్రి యాజ్ఞచే తల్లి రేణుకను నరుకబోగా ఆమె మాదిగవాడలో దాగినది. దాచిన స్త్రీ తలయు, తల్లి తలయు ఒక్క వేటున తెగినవి. మరల బ్రతికించు త్వరలో తలలు తారుమారైనవి. ఒక తల, వేరొక మొండెము గల ఆ తల్లియే ఎల్లమ్మ, మాతంగి. ఇంత ధైర్యముగా కులమును గూర్చి యోచించిన కథ మన పురాణములలో అరుదు. అయితే ఆ కథ పేరు చెప్పియే, పేదయిండ్ల ఆడపిల్లలను దేవతకు జోగినులుగా విడిచి, పిదప ఊరి పెద్దల పాలు చేసిన ఘోరము కూడ మన పల్లెలలోనే జరిగినది; 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శాసనము చేసి దానిని నిషేధింపవలసి వచ్చినది. దీనికి అమ్మ పేరున ఏ సమర్థనమును లేదు. జంతుబలిని అరికట్టుటకు 1950లో మద్రాసు రాష్ట్రమున వచ్చిన చట్టము కథ వేరు: అది కొన్ని గుళ్ళలో గుమ్మడికాయను, నిమ్మకాయను తెచ్చినది, చాలచోట్ల కత్తిని గుడి వెనుకకు పంపినది, అంతే.

ఇక శ్రీచక్రము. దీనిని గూర్చి వ్రాయుటకు అధికారము గలవారు వేరు. నేను వెలుపలి గోడ వరకే పోవుదును, నా ప్రయోజనమునకు అదియే చాలును. శివసంకేతములైన నాలుగు ఊర్ధ్వ త్రికోణములును, శక్తిసంకేతములైన ఐదు అధోముఖ త్రికోణములును ఒకదానితో నొకటి పెనవేసికొనగా నలుబదిమూడు చిన్న త్రికోణము లేర్పడును. వాని నడుమ బిందువు, అందు లలితామహాత్రిపురసుందరి. ఆదిశంకరుల పేర ప్రసిద్ధమైన సౌందర్యలహరిని, దానిపై ప్రతాపరుద్ర గజపతి కొలువునందుండిన లక్ష్మీధరుని వ్యాఖ్యను, లలితాసహస్రనామములపై భాస్కరరాయని సౌభాగ్యభాస్కరమును చదివినవారు దీని లోతును కొంత కనిపెట్టియుందురు. మన పోతన భాగవతము మొదట దుర్గను ప్రార్థించిన పద్యపు చివరి పాదమున కోరిన వరములలో మంత్రశాస్త్రవేత్తలు బీజాక్షరములనే చదివిరి. తొమ్మిది ఆవరణములలో అన్నిటికంటె వెలుపలిది, నాలుగు వాకిళ్ళు గల చతురస్రము. దాని పేరు భూపురము. పేరులోనే మన్ను ఉన్నది. ఆ భూపురపు మూడు రేఖలలో ఒకదానిపై కావలి యున్నవారు బ్రాహ్మి, మాహేశ్వరి, కౌమారి, వైష్ణవి, వారాహి, మాహేంద్రి, చాముండ, మహాలక్ష్మి యను ఎనమండుగురు మాతృకలు. అనగా శ్రీచక్రమునకు సైతము ఒక పొలిమేర కలదు. ఆ పొలిమేరకు అమ్మలు కలరు. లోపలి తల్లిని చేరగోరువాడు ముందు వారికి మ్రొక్కి లోనికి పోవలెను. పల్లెటూరి రైతు బండికట్టుకొని పొరుగూరికి పోవుచు పోలేరమ్మ రాయి వద్ద బండి దిగి చెంపలు వేసికొనుటకును, ఉపాసకుడు త్రైలోక్యమోహనచక్రమనబడు ఆ భూపురమున పుష్పము వేయుటకును నడుమ ఎంత దూరమున్నదో పెద్దలు నిర్ణయింతురు గాక; దారి మాత్రము ఒక్కటే.

ఇండ్లలో ఈ పూజ చేయునది ఆడవారు, వారికి ఈ వాదములతో పనిలేదు. శ్రావణమాసమున పున్నమికి ముందటి శుక్రవారము వరలక్ష్మి వచ్చును. బియ్యముపై కలశము, దానిలో నీరు, పైన మామిడాకులు, టెంకాయకు పసుపు పూసి తీర్చిన మొగము, చేతికి తొమ్మిది ముళ్ళ తోరము. మరునాడు ఉద్వాసన, కలశపు నీరు చెట్టు మొదట పోయుదురు. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు పేర్చి పైన నిలుపునది పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ. ఆట ముగిసినపిమ్మట చెరువులో విడుతురు. బోనమనునది 'భోజన'మే, కొత్త కుండలో వండిన అన్నమును, పైన దీపముతో, తలపై పెట్టుకొని స్త్రీ నడచిపోవును. మహంకాళి జాతర మరునాడు రంగమందు భవిష్యము చెప్పు స్త్రీ ఎక్కి నిలుచునది ఆవములో కాల్చని పచ్చికుండపై. మేడారమున కోయల వడ్డెలు సమ్మక్కను చిలకలగుట్టనుండి తెచ్చునప్పుడు విగ్రహము అసలే యుండదు. కుంకుమ భరిణ, వెదురు కఱ్ఱ. రెండేండ్లకొకసారి మాఘమాసమున వచ్చి, కొన్ని దినములలో మరల గుట్టకు పోవును. ఇంటి కలశమునకును, అడవి గద్దెకును గల ఈ పోలికను చూచితిరా? ఈ దేశపు అమ్మ నిలువ యుండుటకంటె వచ్చిపోవుటను ఎక్కువగా కోరును. పుట్టింటికి వచ్చు ఆడపడుచును పిలిచినట్లు పిలుతురు, పసుపు కుంకుమ లిచ్చి పంపుదురు.

పుట్టిల్లనగా తిరుపతి గంగమ్మ జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆమె వేంకటేశ్వరస్వామి చెల్లెలని తిరుపతివారి నమ్మకము. చైత్రమాసపు చివరి మంగళవారమునాటి రాత్రి చాటింపుతో జాతర ఆరంభమైనంతట, కొండమీది అన్నగారి యింటినుండి తాతయ్యగుంటలోని చెల్లెలికి చీర, పసుపు కుంకుమలు సారెగా వచ్చును. తెలుగున సారె యనగా ఆడపడుచునకు పెట్టు కానుక. కుమ్మరి చక్రమును కూడ సారెయే యందురు. నిఘంటుకారులు ఈ రెండింటిని వేరువేరు మాటలుగా నెంచిన నెంచుదురు గాక, గంగమ్మ విషయమున నాకు రెండును ఒక్కటిగానే తోచును. ఆ వారము రోజులు ఊరంతయు వేషములు వేయును: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. ఆడపిల్లలను చెరచుచుండిన పాలెగాడొకడు గంగమ్మకు భయపడి దాగెననియు, ఆమె దినమునకొక వేషము వేసికొని వెదకి, దొర వేషమున అతనిని వెలికి రప్పించి తల నరకెననియు కథ. కైకాల వంశమువారు వీధివీధి తిరిగి ఆ వేటను మరల జరుపుదురు. మగవారు చీర కట్టి, జడ వేసికొని, పూలు ముడిచి, మొక్కు తీర్చుకొనుటకు బయలుదేరుదురు. చూచి నవ్వువారుందురు గాని, కట్టినవారు నవ్వరు. ఏడాదిలో ఒక్క పూట స్త్రీవేషమున వీధి నడచిన మాత్రమున పురుషునకు జ్ఞానోదయమగునని నేను చెప్పజాలను. నడువనివానికంటె కొంత మేలని మాత్రము తోచును.

తుది రాత్రి గుడిముందు మట్టితో గంగమ్మ విశ్వరూపమును తీర్చుదురు. పెద్ద మొగము, విప్పారిన కన్నులు, పూసిన రంగులు. తెల్లవారుజామున వేషధారి వచ్చి ఆ విగ్రహపు చెంపను తెగవేయగా, కాచుకొనియున్న జనము ఆ మట్టికై ఎగబడును. దొరకిన పెళ్ళను కొంగున కట్టుకొని పోయి కొందరు దేవునిగూట నుంచుకొందురు, కొందరు జబ్బుపడిన బిడ్డకు నీటిలో కలిపి పట్టుదురు. సూర్యోదయమునకు అచ్చట విగ్రహము లేదు. సురథుడును సమాధియు వరములు పొంది లేచిపోయినపిమ్మట ఏటియొడ్డున వారి బొమ్మ యేమైనదో పురాణకర్త చెప్పలేదు. తిరుపతిలో ఏటేట చూచుచునే యున్నారు గనుక చెప్పనక్కరలేదు.

జాతరకు పోదలచిన పాఠకులను నేను కోరునది యొక్కటే. దర్శనపు వేళకు గాక ఒక పూట ముందుగా పోయి, కుమ్మరి యింటి ముంగిట ఆ బొమ్మ తయారగుచుండగా, కన్నులు పెట్టకముందు, కాసేపు కూర్చుండి చూడుడు. మరునాటికి అది యుండదు.